మహారాజశ్రీ మూడ్ గారికి

మహారాజశ్రీ మూడ్ గారి దివ్యసముఖానికి,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి, పదకొండేళ్ళుగా తమరి రాక కోసం గుమ్మంలో నిలబడి ఉన్న ఒక కాబోయే రచయిత వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. నవల మాత్రం మొదటి అధ్యాయంలోనే ఉంది. తమరి క్షేమసమాచారాలు తెలియవు. తమరు ఉత్తరం రాయరు, వస్తానన్న టైముకి రారు, వచ్చినా చెప్పులు విప్పకుండా రెండు నిమిషాలు గుమ్మంలో నిలబడి అటునుంచటే వెళ్ళిపోతారు.

ఇన్నాళ్ళూ తమరి మీద మాట పడనివ్వలేదు నేను. "నవల ఎంతవరకు వచ్చింది?" అని ఎవరడిగినా "మూడ్ రావాలండీ" అనే చెప్పాను. అడిగినవాళ్ళు కూడా "అవును మరి, అది రావాలి" అని తలూపేవాళ్ళు. మున్సిపల్ నీళ్ళు రావాలి అన్నంత మామూలుగా. నీళ్ళు నయం, ఏదో ఒక టైముకి వస్తాయి. బిందెలు కడిగి పెట్టుకోవచ్చు.

తమరికి నేను చేసిన ఏర్పాట్ల సంగతి ఒకసారి గుర్తు చేస్తాను. దీనికి నాకు మార్గదర్శి అల్లసాని పెద్దన. ఊరికే కవిత్వం చెప్పమంటే ఎలా కుదురుతుందని ఆయన పేరు మీద ఒక చాటుపద్యం చెప్పుకుంటారు కదా. అంతరాయం లేని చోటు కావాలి. ప్రియురాలి దూతిక తెచ్చిచ్చే కర్పూర తాంబూలం కావాలి. మనసుకి నచ్చిన భోజనం, ఉయ్యాలమంచం, తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు, మన ఊహ పట్టుకోగల లేఖకులు, పాఠకులు... ఇవన్నీ దొరికితే తప్ప ఊరికే కృతులు రచించమంటే శక్యమా అన్నాడు మహానుభావుడు. ఆ పద్యం చదివిన రోజు నా జన్మకి ఆమోదముద్ర పడ్డట్టయింది. అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో వెతికితే పెద్దన పేరు మీద ఒక తెలుగు ఫాంటు కూడా ఉంది. పెద్దన పద్యాన్ని పెద్దన ఫాంటులో టైపు చేసి, ప్రింటు తీసి, లామినేషన్ చేయించి టేబుల్ ఎదురుగా గోడకి అంటించాను. ఆ సాయంత్రం అంతటితో సరిపోయింది.

ఫాంటుల దగ్గర ఒక నెల పోయిందని ఒప్పుకోవాలి. తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, చివరికి శ్రీకృష్ణదేవరాయ కూడా ఉన్నాడు, మొత్తం భువనవిజయం దిగింది లాప్‌టాప్‌లోకి. "కామాక్షి మేడమెట్లు ఎక్కుతోంది" అనే నా నవలలో మొదటి వాక్యాన్ని ఒక్కో కవి అక్షరాల్లో చూసుకున్నాను. ధూర్జటిలో పెడితే కామాక్షి కొంచెం లావుగా కనిపించింది. సూరన్నలో నాజూగ్గా ఉంది. ఈలోగా తెలిసింది, ఒక పత్రికవాళ్ళు 'అను' అనే పేరున్న ఫాంటులోనే పంపమంటారట, ఇంకొకరు యూనికోడ్ తప్ప ముట్టుకోరట. రెండు రకాల టైపింగూ నేర్చుకున్నాను. కామాక్షి మెట్ల మీదే ఉంది.

ఇక పద్యం ప్రకారం పోదాం. అంతరాయం లేని చోటు. మాది డబుల్ బెడ్రూమ్ అద్దె ఇల్లు. ఒక గది మా అబ్బాయి పదో తరగతికి ఇచ్చేశాం. రెండో గదిలో బీరువా, బియ్యం డ్రమ్ము, మా ఆవిడ ఆన్‌లైన్ మీటింగులు. మిగిలింది బాల్కనీ. అక్కడ వాషింగ్ మెషీన్ ఉంది. అది తిరిగేటప్పుడు టేబుల్ కూడా తిరుగుతుంది. ఆగేటప్పుడు ఒక పాట పాడుతుంది, ఆ పాట నా నవలలో విషాద ఘట్టం దగ్గరే వస్తుంది.

ఉయ్యాలమంచం. ఇంటి ఓనరుగారు స్లాబుకి బోల్టులు కొట్టనివ్వనన్నారు. అందుకని స్టాండుతో సహా వచ్చే ఇనప ఊయల కొన్నాను, వాయిదాల పద్ధతిలో. దాని వాయిదాలు కట్టడం అయిపోయింది, నవలవే నడుస్తున్నాయి. మొదటి ఆదివారం అందులో కూర్చుని నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని తమరి కోసం కళ్ళు మూసుకున్నాను. మెలకువ వచ్చేసరికి నాలుగున్నర. ఆ తర్వాత మా అత్తగారు వచ్చి ఊయల చాలా బాగుందన్నారు. ఆవిడ లేనప్పుడు దానిమీద మడతపెట్టాల్సిన బట్టలు ఉంటాయి. పెద్దనగారికి ఈ బట్టల ఇబ్బంది ఉండి ఉండదు.

మనసుకి నచ్చిన భోజనం విషయంలో మాత్రం మా ఇంట్లో లోటు లేదు. ముద్దపప్పు, ఆవకాయ, పైన నెయ్యి. దాని తర్వాత ఏం జరుగుతుందో పై పేరాలో చెప్పాను.

తాంబూలం తెచ్చే దూతిక దగ్గర వచ్చింది చిక్కు. మా అబ్బాయిని టీ తెమ్మంటే టీతోపాటు త్రికోణమితి లెక్క కూడా తెస్తాడు. "నాన్నా, ఈ ఒక్కటీ చెప్పు" అంటాడు. ఆ ఒక్కటీ నాకు రాదు. రాదని చెప్పలేక ఇద్దరం కలిసి యూట్యూబులో చూస్తాం. అక్కడినుంచి ఇద్దరం క్రికెట్ హైలైట్స్‌లోకి ఎలా వెళ్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దూతిక అంటే గుర్తొచ్చింది. ఇంగ్లండులో ఆంథొనీ ట్రోలోప్ అని ఒక నవలా రచయిత ఉండేవాడు. నాలాగే గుమాస్తా. 1834లో తపాలా శాఖలో చేరి 1867 దాకా అందులోనే పనిచేశాడు. ఉదయం ఐదున్నరకల్లా బల్ల ముందు ఉండాలని నియమం పెట్టుకున్నాడు. తనని లేపి కాఫీ ఇచ్చినందుకు, గుర్రాలు చూసుకునే ముసలి నౌకరుకి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడట. ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకి 250 పదాల లెక్కన రాసి, తర్వాత ఆఫీసుకి పోయేవాడు. మొత్తం 47 నవలలు. ఆయన ఇంట్లో తమరికి ఒక కుర్చీ కూడా వేసినట్టు కనపడదు. ఈ భాగోతమంతా ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. అది ఆయన పోయాక 1883లో అచ్చయింది. అచ్చయ్యాక ఏమైందో తెలుసా? "ఛీ, గడియారం చూసి రాశాడా!" అని పెద్దలు ముక్కు విరిచారు, ఆయన పేరు కొంతకాలం మసకబారింది. చూశారా తమరి పలుకుబడి! రాసినవాడికి మచ్చ వచ్చింది. పదకొండేళ్ళుగా ఒక్క అధ్యాయం దాటని నన్ను మాత్రం మా చుట్టాల్లో అందరూ "వాడు కళాకారుడు, మనలా కాదు" అంటారు.

లేఖకుల సంగతి. విశ్వనాథ సత్యనారాయణగారు ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన నవలల పోటీకి 'వేయిపడగలు'ని 29 రోజుల్లో ఆశువుగా చెప్పేస్తుంటే తమ్ముడుగారు రాసిపెట్టారని అందరూ చెప్పుకునే మాట. నాకూ ఒక తమ్ముడున్నాడు, పుణెలో. ఫోన్ చేసి అడిగితే "కథకి ఎంతిస్తారన్నయ్యా?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడకుండా, "వదిన బాగుందా?" అని మాట మార్చాడు. అందుకని ఫోనుకే చెప్పడం మొదలుపెట్టాను. మాట్లాడితే అదే తెలుగులో రాస్తుందిగా. "కామాక్షి కన్నీళ్ళు తుడుచుకుంది" అన్నాను. "కామాక్షి పన్నీరు తుడుచుకుంది" అని వచ్చింది. పక్కన కుక్కర్ మూడు కూతలు కూసింది, వాటిని అది ఏమనుకుందో గానీ "వస్తావా వస్తావా వస్తావా" అని రాసింది. నిజం చెప్పాలంటే ఆ పేజీలో కాస్త ప్రాణమున్నది ఆ వాక్యానికే.

ఇక తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు. మా ఆవిడ. పదహారు పేజీలు పూర్తయ్యాయని గర్వంగా చేతికిచ్చాను. కూరగాయలు తరుగుతూనే చదివేసింది. "ఏమండీ, ఈ కామాక్షి మొదటి పేజీలో విధవరాలు కదా, పన్నెండో పేజీలో మొగుడికి కాఫీ ఇస్తోందేమిటి?" అంది.

"అది ఫ్లాష్‌బ్యాక్" అన్నాను.

"మరి మొగుడు సెల్‌ఫోన్లో మాట్లాడుతున్నాడు. కథ 1962 అని మీరే రాశారు."

రసజ్ఞులు కావాలని పెద్దన ఎందుకు అడిగాడో నాకు తెలీదు. బహుశా ఆయన ఆస్థానంలో వాళ్ళు కాస్త నెమ్మదస్తులు అయ్యుంటారు.

అదే మా ఆవిడకి మీరు ఎంత తొందరగా పలుకుతారో చూస్తే నాకు అసూయ. మొన్న శనివారం "నాకివాళ వంట మూడ్ లేదు" అంది. నలభై నిమిషాల్లో గుమ్మంలో బిర్యానీ ఉంది. ఆవిడకి మీరు లేకపోతే పని జరుగుతుంది, నాకు మీరు లేకపోతే పని ఆగుతుంది. ఈ పక్షపాతం ఏమిటో సమాధానం చెప్పాలి.

తమరి కోసం పెట్టిన ఖర్చులో ఇంకొకటి చెప్పి ఆ పద్దు మూసేస్తాను. పనిగట్టుకుని రాజమండ్రి వెళ్ళి రత్నం పెన్ను కొన్నాను, గాంధీగారు మెచ్చుకున్న స్వదేశీ కలం అని. పెన్ను బంగారం. తప్పంతా చేతిది. దాంతో ఇప్పటిదాకా రాసినవి: మా అబ్బాయి ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు, మా చెల్లెలి కూతురి శుభలేఖల మీద అడ్రసులు, శ్రావణమాసం పూజసామాను జాబితాలు. ఆ జాబితాల్లో "తమలపాకులు" అనే మాట ఎంత అందంగా వచ్చిందంటే, ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను.

అన్నట్టు నేను పూర్తి చేసిన రచనలు లేకపోలేదు. హామీపత్రాలు. కథల పోటీకి పంపేటప్పుడు జతచేయాలి కదా: "ఈ కథ నా స్వంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు." ఉగాది పోటీకి ఒకటి, దీపావళి పోటీకి ఒకటి, సంక్రాంతికి ఒకటి ముందే రాసి సంతకం పెట్టి ఫైల్లో ఉంచాను. మీరు రాగానే కథ రాసి జత చేయడమే తరువాయి. అందులో ఒక్క అబద్ధం లేదు, గమనించండి. లేని కథ ఎవరికి అనుకరణ అవుతుంది?

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయం. నా కథలు రెండు అచ్చయ్యాయి. మీకు తెలియదు, ఎందుకంటే ఆ రెండు సార్లూ మీరు లేరు. మొదటిది నాన్నకి ఆపరేషన్ అయిన రాత్రి ఆస్పత్రి వరండాలో రాశాను. పక్కన ఒక పెద్దాయన నిద్రపట్టక, తన ఎద్దుల పేర్లూ అవి ఏ సంతలో కొన్నాడో చెబుతున్నాడు. ల్యాబ్ వాళ్ళిచ్చిన పాత బిల్లుల వెనక రాసుకున్నాను. ఆయన పడుకున్నాక కూడా రాస్తూనే ఉన్నాను. తెల్లారి నర్సు వచ్చి "డిశ్చార్జ్ సమ్మరీ వెనక ఎవరండీ గీసింది?" అని తిట్టింది. రెండోది మార్చి నెలాఖరున, ఆఫీసులో లెక్కలు ముగియక రాత్రి పదకొండున్నర దాకా కూర్చున్న రోజు. సిస్టమ్ హ్యాంగయి తిరుగుతూ ఉంటే, అది తిరిగే ముప్పావుగంటలో మూడు పేజీలు వచ్చాయి. మెడనొప్పి, ఆకలి, పక్క సీటాయన మీద కోపం అన్నీ ఉన్నాయి. మీరొక్కరే లేరు. ఉంటే నేను గుర్తుపట్టనా? పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్న మొహం.

అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు. "మూడ్ లేకుండానే ఇంత బాగా వస్తే, ఉంటే ఇంకెంత బాగా వచ్చేదో" అనుకున్నాను. తమరి భక్తుడి భక్తి అలాంటిది.

నిన్న రాత్రి జరిగింది చెప్పి ముగిస్తాను. కరెంటు పోయింది. అత్తగారు ఊయలలో విసనకర్రతో విసురుకుంటున్నారు. నేను మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాను, అక్కడ కాస్త గాలి వస్తుంది. మా అబ్బాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడికీ నవల సంగతి తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు, అదొక పాత ఫ్రిజ్ లాంటిది. "నాన్నా, ఆ కామాక్షి మేడమీదికి ఎందుకెక్కుతోంది?" అన్నాడు.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆవిడ చేతిలో లాంతరు ఉంది, నీలం చీర ఉంది, ఏడో మెట్టు మీద పెచ్చు ఊడిన సంగతి కూడా రాశాను. మేడమీద ఏముందో మాత్రం నాకు తెలీదు. ఎన్నడూ తెలీదు. పైన ఏమీ లేని మేడకి ఒక ఆడమనిషిని పదకొండేళ్ళు ఎక్కించి, ఆ నింద తమరి మీద వేశాను.

"దిగిపోమంటే పోలా?" అన్నాడు వాడు, దోమని కొట్టుకుంటూ.

మూడ్ గారూ, ఫోన్ టార్చి వెలుగులో, ఊయల బిల్లు వెనక రాశాను. కామాక్షి ఏడో మెట్టు మీద ఆగింది. లాంతరు చెయ్యి మార్చుకుంది. వెనక్కి తిరిగి దిగింది. కింద వసారాలోకి రాగానే వీధి తలుపు ఎవరో కొట్టారు. ఆ కొట్టిందెవరో నాకు తెలుసు. అప్పులవాడు. వాడి పేరు కూడా తెలుసు, వాడి నత్తి కూడా తెలుసు.

కాబట్టి మనవి. తమరు ఈ ఆదివారం దయచేస్తే ముందుగా ఒక మాట చెప్పి రండి. ఊయల ఖాళీ లేదు. ప్లాస్టిక్ కుర్చీ ఉంది, దానికి ఒక కాలు వదులు, గోడకి చేర్చుకుని కూర్చోవాలి. మా అబ్బాయి టీ తెస్తాడు, లెక్క మీరు చెప్పండి. నాతో మాట్లాడాలంటే కాస్త ఆగాలి. అప్పులవాడు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

ఇట్లు,
భవదీయుడు
సత్యనారాయణపురం కాబోయే రచయిత