వడియాలకీ బాత్రూమ్‌కీ ముడి

మా బాత్రూమ్ తూము మాట్లాడటం మొదలుపెట్టింది. పై అంతస్తువాళ్ళు ఫ్లష్ నొక్కగానే ముందు "గుడ గుడ గుడ" అని దీర్ఘం తీసేది. ఆఖర్న "గ్లుక్" అని ఒక గుటక వేసి ఊరుకునేది. ఆ తర్వాత కాసేపటికి వాసన. దాన్ని వర్ణించే ఓపిక నాకు లేదు, చదవాల్సిన అవసరం మీకూ లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ జనం మేడలెక్కి కూర్చున్న రోజులు చూశాక, బెజవాడలో తూములోంచి చప్పుడొస్తే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. మాది సత్యనారాయణపురంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు, మేముండేది నాలుగో అంతస్తులో. బుడమేరు అంత ఎత్తుకి రాదని తెలుసు. అయినా మా ఆవిడ ముందు జాగ్రత్తగా బట్టల బీరువా కింది అర ఖాళీ చేసింది.

మనవల్ని చూడ్డానికి వచ్చిన మా మామగారు రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. పదవీ విరమణ తర్వాత పాఠం వినేవాళ్ళు దొరక్క ఆయన పడే బాధ అంతా ఇంతా కాదు. బాత్రూమ్ గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చి, "అల్లుడుగారూ, ఇందులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసనకి కారణం ఇదే. కాసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. అలాగని వాయువు పోయినట్టు కాదు సుమా!" అన్నారు. ఆయనకి ముక్కు మొద్దుబారిందో, శ్రోత దొరికిన ఆనందమో, అక్కణ్ణుంచి కదల్లేదు.

"నాన్నా, అది ఏ వాయువో తర్వాత చెబుదువుగానీ. ఏమండీ, ముందు ఎవరినైనా పిలవండి," అంది మా ఆవిడ, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని.

పిలిచేలోపే వాచ్‌మన్ వచ్చేశాడు. మా అపార్ట్‌మెంటులో ఏ జబ్బుకైనా అతని దగ్గర ఒకటే మందు, యాసిడ్. "అర లీటరు పోయండి సార్, రాయైనా కరిగిపోద్ది," అంటూ సీసా మూత తిప్పుతున్నాడు. అప్పటికే మా ఆవిడ వాసన తగ్గుతుందని తూము చుట్టూ బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంది. మామగారు ఒక్క గావుకేక పెట్టారు. ఆయన అంత వేగంగా కదలడం నేను పెళ్ళిలో కూడా చూడలేదు. బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుందనీ, కిటికీ లేని బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుందనీ, మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో జర్మన్లు దాన్ని ఆయుధంగా వాడారనీ, సీసా లాక్కుని చెప్పారు. వాచ్‌మన్ యుద్ధం మాట వినగానే మెట్లు దిగిపోయాడు. ఈ ఒక్క విషయం మాత్రం నవ్వులాట కాదు. ఆ రెండూ ఒకచోట కలపకండి.

ఇక మా అత్తగారు. ఆవిడ మాట్లాడకుండా రెండో బాత్రూమ్‌లోకి వెళ్ళారు. చుట్టాలొస్తే తప్ప దాన్ని వాడం. అక్కడా ఓ మోస్తరు వాసన ఉంది. తూములో అర బకెట్ నీళ్ళు పోసి వచ్చారు. సాయంత్రానికి ఆ బాత్రూమ్ శుభ్రంగా ఉంది! జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో ఎప్పుడూ రెండంగుళాల నీళ్ళు నిలబడి ఉండాలి. కింది గొట్టంలోని వాసన ఇంట్లోకి రాకుండా ఆపే తలుపు ఆ నీళ్ళే. రోళ్ళు పగిలే ఎండల్లో, వాడని తూములో ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. వారానికోసారి రెండు చెంబులు పోస్తే చాలు. ఈ నీటి తలుపు ఆలోచన ఇప్పటిది కాదు. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు వంపు గొట్టం ఉన్న మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. గడియారాలు చేసుకునేవాడికి దొడ్డితో ఏం పని అని నన్నడక్కండి. మామగారినడిగితే ఒక పూట పోతుంది.

అత్తగారి వైద్యం అక్కడ పారింది కదాని మా బాత్రూమ్‌లోనూ నీళ్ళు పోశాం. వాసన పోయింది. పైవాళ్ళు ఫ్లష్ నొక్కారు. గుడ గుడ గుడ, గ్లుక్. టార్చి వేసి చూస్తే ట్రాప్‌లో నీళ్ళు లేవు. మళ్ళీ పోశాం. మళ్ళీ తాగేసింది. ఎండకి ఆవిరైందనుకోడానికి మధ్యలో పట్టుమని పది నిమిషాలు కూడా లేవు.

మొదట వచ్చిన ప్లంబర్ కుర్రవాడు చెవిలో ఫోను తీయకుండానే జాలీ ఎత్తాడు. లోపల్నుంచి వెంట్రుకల ఉండ ఒకటి, షాంపూ ప్యాకెట్ చింపిన మూలలు, నాలుగైదు బొట్టుబిళ్ళలు, కిందటేడు పోయిందని మావాడు రెండ్రోజులు అన్నం మానేసిన బొమ్మకారు చక్రం బయటపడ్డాయి. మావాడు చక్రం కడుక్కుని పరిగెత్తాడు. ఇంకేముంది, రోగం కుదిరిందని అందరం నీళ్ళు పోసి చూశాం. నీళ్ళు సుబ్బరంగా దిగాయి. అంతకుముందూ సుబ్బరంగానే దిగేవి, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇంతలో పైన ఫ్లష్. గుడ గుడ గుడ.

కుర్రవాడు సుత్తితో టైల్స్ మీద టకటకా కొట్టి, చెవి ఆనించి విని, "మొత్తం పగలగొట్టాలి సార్. పద్దెనిమిది వేలవుద్ది. టైల్స్ మీరే తెచ్చుకోవాలి," అన్నాడు. ఆ రంగు టైల్స్ ఇప్పుడు బజార్లో దొరకవు. ఆ సంగతి అతనికీ తెలుసు, కాబట్టి బాత్రూమ్ మొత్తం కొత్త టైల్స్ వేసే మేస్త్రి నంబరు కూడా తనే ఇచ్చాడు. ఆలోచించి చెబుతామన్నాం. పద్దెనిమిది వేలు వినగానే వాసన కొంచెం తగ్గినట్టే అనిపించింది.

కిందకి దిగుతుంటే మూడో అంతస్తు ఆయన గుమ్మంలో ఆపి, "మీకూ వస్తోందా?" అని రహస్యంగా అడిగారు. వాళ్ళింట్లో పొద్దునా సాయంత్రం సాంబ్రాణి ఎందుకేస్తున్నారో అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ భక్తి పెరిగిందనుకున్నాం.

ఆయన తెలిసినవాడని ఒక ముసలి మేస్త్రిని పంపించారు. ఈయన సుత్తి తేలేదు. తూము దగ్గర గొంతుక్కూచుని చెంబుడు నీళ్ళు పోశాడు. "అమ్మా, పై ఇంట్లో ఫ్లష్ కొట్టమనండి," అన్నాడు. మా ఆవిడ ఫోన్ చేసింది. ట్రాప్‌లో నీళ్ళు మా కళ్ళముందే ఒక్కసారి ఊగి, చుట్టూ తిరిగి, లోపలికి జారిపోయాయి. ఆ పీల్చుడులో జాలీ మీదున్న ఒక వెంట్రుక కూడా మాయమైంది. మేస్త్రి తల పంకించి చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎక్కడికయ్యా? ఇంకా ఏం చెయ్యలేదుగా?" అన్నారు మామగారు.

"జబ్బు ఇక్కడ లేదు సార్. పైన ఉంది. మేడ మీదికి పదండి."

అంతా ఊరేగింపుగా బయల్దేరాం. మెట్లెక్కుతూనే మేస్త్రి చెప్పాడు. "మీ బిల్డింగులో స్నానం నీళ్ళూ, దొడ్డినీళ్ళూ ఒకటే నిలువు గొట్టంలో దిగుతాయి. నీళ్ళు జోరుగా దిగుతుంటే వెనకాల గాలి కావాలి. ఆ గాలి డాబా మీద గొట్టం నోట్లోంచి రావాలి. అక్కడ అందకపోతే మీ తూములోంచి లాక్కుంటది. గాలితోపాటు మీ ట్రాపులో నీళ్ళూ పోతయ్యి. నూనె డబ్బాకి ఒకటే చిల్లు పెట్టి వంచండి సార్, గుడగుడమంటది గానీ సాఫీగా పడదు. రెండో చిల్లు పెట్టాలా వద్దా?"

మామగారు పీడనం గురించి ఏదో అందామని నోరు తెరిచారు గానీ, నూనె డబ్బా తర్వాత చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

డాబా మీద కాలు పెట్టగానే మాకు కనిపించింది వడియాల సామ్రాజ్యం. పాత పంచెల మీద బారులు తీరిన గుమ్మడి వడియాలు, ప్లాస్టిక్ పట్టాల మీద సగ్గుబియ్యం వడియాలు, చాటల్లో చల్ల మిరపకాయలు. నట్టనడుమ మోకాలెత్తున మా అపార్ట్‌మెంటు గాలి గొట్టం. దాని నెత్తిన ఉండాల్సిన జాలీ టోపీ లేదు. దాని బదులు మందపాటి పాలిథిన్ కవరు రెండు మడతలు వేసి, లంగా నాడాతో మూడు చుట్లు బిగించి, ముడి మీద ముడి వేసి, పైన సత్తుగిన్నె బోర్లించి, గిన్నె మీద ఇటుక పెట్టి ఉంది. కట్టినవాళ్ళ చేతిలో పనితనముంది. చీమ దూరదు.

మేస్త్రి ఇటుక దించి, గిన్నె తీసి, నాడా విప్పుతుంటే వెనకనుంచి కేక. "ఎవరయ్యా అది, ఆ మూత తీస్తోంది?"

అయిదో అంతస్తు పిన్నిగారు. చేతిలో కాకుల్ని తోలే కర్ర.

"పిన్నిగారూ, ఇది గాలి గొట్టమండీ. మూసేస్తే మా బాత్రూముల్లోకి వాసనొస్తోంది," అన్నాను వీలైనంత మర్యాదగా.

"మూయకపోతే నా వడియాలకి వాసనొస్తోంది నాయనా! కష్టపడి బూడిద గుమ్మడికాయ తరిగి, పప్పు రుబ్బి పెట్టుకుంటే దొడ్డి గాలి పట్టించమంటావా? అయినా నాలుగో అంతస్తు బాత్రూమ్‌కీ నా వడియాలకీ ఏమిటి సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడేస్తారేం?"

వాసనకి మరి ఆవిడ బాత్రూమ్ అతీతమా అని అడుగుదామనుకున్నాను. మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. ఆ తర్వాత తెలిసింది, వాళ్ళబ్బాయి కూడా రోజూ ఫినాయిల్ సీసాలు మోస్తున్నాడట.

ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. జనం తిరిగే డాబా మీద గాలి గొట్టం మనిషి తలకంటే పైకుండాలి, మోకాలెత్తున వదిలేసినవాడిది తప్పు. మేస్త్రి మధ్యస్థం చేశాడు. మూత తీసేయాలి, గొట్టం మాత్రం ఏడడుగులకి పెంచాలి, పైన జాలీ టోపీ బిగించాలి. నాలుగంగుళాల పీవీసీ పైపు, ఒక కప్లింగు, టోపీ, అతికించే సొల్యూషన్, గోడకి పట్టే క్లాంపులు, కూలితో కలిపి రెండు వేల లోపే తేలింది. పని జరుగుతున్నంతసేపూ పిన్నిగారు కర్రతో అక్కడే నిలబడి, పైపు కోసిన పొట్టు వడియాల మీద పడకుండా కాపలా కాశారు.

సాయంత్రం పైన ఎన్నిసార్లు ఫ్లష్ కొట్టినా మా ట్రాప్‌లో నీళ్ళు ఒకసారి ఊగి నిలబడ్డాయి తప్ప జారలేదు. మామగారు తూము పక్కన స్టూలు వేసుకుని ఆ నీళ్ళని చూస్తూ కూర్చున్నారు. స్నానానికి వెళ్ళాలంటే ఆయన్ని లేపాల్సొచ్చింది.

డబ్బుల దగ్గర అసోసియేషన్ సెక్రటరీ గారికి ధర్మసందేహం వచ్చింది. ఈ ఖర్చు నీళ్ళ పద్దులో రాయాలా, మురుగు పద్దులో రాయాలా అని. గొట్టంలో పోయేది గాలి, గాలికి పద్దు లేదు. చివరికి "ఇతరములు" కింద రాశారు. అందులో కిందటి వినాయకచవితి మైకు బాకీ కూడా ఉంది.

ఆదివారం బట్టలారేయడానికి మేడెక్కాను. కొత్త గొట్టానికి క్లాంపు కింద నైలాను తాడు బిగించి ఉంది. రెండో కొస నీళ్ళ ట్యాంకు నిచ్చెనకి కట్టారు. మధ్యలో పిన్నిగారి చీరలు రెపరెపలాడుతున్నాయి.

"గొట్టం ఎత్తు బాగా కుదిరింది నాయనా," అన్నారావిడ చీర కుచ్చిళ్ళు దులుపుతూ. "ఆ తూర్పు మూల ఇంకోటి పెట్టిస్తే దుప్పట్లకి కూడా చోటొస్తుంది. మీ బాత్రూమ్‌లో మళ్ళీ ఏమైనా చప్పుడొస్తోందేమో కనుక్కో."