కొత్త మొక్కను ముందు విడిగా పెట్టండి

కొత్త మొక్క తెచ్చిన రోజే ఒకసారి వేపనూనె కొడితే పురుగు బెడద ఉండదని మొక్కల పెంపకం మీద ఒక వ్యాసంలో రాశారు. ఒక్కసారితో పోదండీ, నేను అనుభవించి చెబుతున్నాను.

పోయిన వానాకాలం ఒక నర్సరీలో క్రోటన్ కొన్నాను. ఆకులు నిగనిగలాడుతున్నాయి. తెచ్చి నేరుగా మందార పక్కన పెట్టేశాను. పది రోజులకు మందార మొగ్గల కింద తెల్లటి దూది ముక్కల్లాంటివి కనిపించాయి. వేలితో నలిపితే జిగురు, కుండీ అంచు మీద చీమల బారు. పిండినల్లి! క్రోటన్ ఆకు తిప్పి చూస్తే తొడిమ మొదట్లో అదే తెలుపు. కొనేటప్పుడు ఆ ఒక్కచోట చూసుంటే సరిపోయేది.

ఈ పురుగు ఒంటి మీద మైనం పూతలాంటి పొడి ఉంటుంది, గుడ్లు ఆ దూదిలోనే దాగి ఉంటాయి. అందుకే మందు పైపైన కొడితే దిగదు. నేను స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో ఒక్కొక్కటీ తుడిచాను. తర్వాత లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టాను. వారానికోసారి, నాలుగు వారాలు. అప్పటికి గానీ మందార తేరుకోలేదు.

ఇప్పుడు ఏ మొక్క తెచ్చినా మూడు వారాలు వేరే కిటికీ దగ్గరే. కుండీ మార్చేటప్పుడు వేళ్లు కూడా చూడండి, అక్కడా తెల్లగా పట్టి ఉండొచ్చు.