బాబీ ఓర్ ఓవర్‌రేటెడ్ అట!

ఐస్ హాకీ చూసేవాళ్ళ గ్రూపుల్లో ఒక పోస్టు పోయినట్టే పోయి మళ్ళీ తిరుగుతూ ఉంటుంది. 1960, 70లలో అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో బోస్టన్ బ్రూయిన్స్ జట్టుకి ఆడిన బాబీ ఓర్‌కి అంత పేరు రావడానికి గాల్లో ఎగురుతున్న ఒక్క ఫోటోయే కారణమట. పేరుకే డిఫెన్స్‌మన్ (వెనక ఉండి గోల్ పడకుండా కాసేవాడు) కానీ డిఫెన్స్ ఆడిందే లేదట, లీగ్‌లో కొత్తగా చేరిన బలహీనమైన జట్ల మీద పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపిన లెక్క) పోగేసుకున్నాడట, డబ్బు కోసం బోస్టన్‌ని వదిలి చికాగోకి పోయాడట, ఒక్క దెబ్బకే మోకాలు పోయి ఇంటికెళ్ళాడట. ఇంతా చేసి గెలిచింది లీగ్ ఛాంపియన్లకిచ్చే స్టాన్లీ కప్పులు రెండే కదా అని ఒక ముక్తాయింపు. బోస్టన్‌లో టీడీ గార్డెన్ బయట అతని విగ్రహం పక్కన నిలబడి ఫోటో దిగిన మనవాళ్ళు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు కాబట్టి రాయక తప్పడం లేదు.

ముందు ఆ ఫోటో సంగతి. 1970 మే 10, సెయింట్ లూయిస్ బ్లూస్‌తో ఫైనల్ నాలుగో మ్యాచ్, ఓవర్‌టైమ్ మొదలై 40 సెకన్లు. బ్లూస్ ఆటగాడు గోడ వెంబడి పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) బయటికి పంపబోతే, వెనక్కి తగ్గాల్సిన ఓర్ ముందుకొచ్చి ఆపాడు. మూలలో ఉన్న తన జట్టు డెరెక్ శాండర్సన్‌కి ఇచ్చి గోల్ వైపు దూసుకెళ్ళాడు, తిరిగొచ్చిన పాస్‌ని గోలీ గ్లెన్ హాల్ కాళ్ళ మధ్య నుంచి లోపలికి తోశాడు. పక్ లోపలికి పోయాకే బ్లూస్ డిఫెన్స్‌మన్ నోయెల్ పికార్డ్ స్టిక్ తగిలి మనిషి గాల్లోకి లేచాడు, ఫోటోగ్రాఫర్ రే లస్సియర్ కెమెరాకి దొరికింది ఆ క్షణం. అంటే ఎగురుతూ గోల్ కొట్టలేదు, గోల్ కొట్టాక ఎగరేశారు. అసలు చూడాల్సింది దానికి ముందు జరిగింది. ఆ పక్ అతన్ని దాటిపోయి ఉంటే వెనక బోస్టన్ గోల్ దాదాపు ఖాళీగా దొరికేది, అది తెలిసే వెళ్ళాడు.

ఇక డిఫెన్స్ ఆడలేదన్న మాట. దీనికి కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే పోస్టు మొత్తంలో జనం ఎక్కువగా నమ్మేది ఇదే. హాకీలో ప్లస్-మైనస్ అని ఒక లెక్క ఉంది: నువ్వు ఐస్ మీద ఉన్నప్పుడు మీ జట్టు గోల్ కొడితే ఒకటి కలుపుతారు, మీకు గోల్ పడితే ఒకటి తీసేస్తారు, పవర్‌ప్లేలో (పెనాల్టీ వల్ల అవతలి జట్టు ఒక మనిషి తక్కువతో ఆడుతున్నప్పుడు) కొట్టినవి లెక్కలోకి రావు. అంటే ఎంత బాగా గోల్స్ కొట్టినా, వెనక తలుపులు తీసి పెట్టే డిఫెన్స్‌మన్‌కి ఈ అంకె పెరగదు. 1970-71 సీజన్‌లో ఓర్‌ది +124. ఇప్పటికీ అదే రికార్డు, దగ్గరికొచ్చింది 1976-77లో +120తో లారీ రాబిన్సన్. జట్టు బలం కూడా ఈ అంకెలో కలుస్తుంది, కాదనను, కానీ అదే బ్రూయిన్స్‌లో అంత ఎక్కువ గోల్స్ కొట్టిన ఫార్వర్డ్ ఫిల్ ఎస్పోజిటోకి కూడా ఆ అంకె రాలేదు.

ఆ పాత వీడియోల్లో బోస్టన్ ఒక మనిషి తక్కువతో ఆడుతున్నప్పుడు చూడండి. మామూలుగా ఆ సమయంలో అందరూ చేసేది పక్ దొరికితే చాలు అవతలి చివరికి కొట్టేసి ఊపిరి పీల్చుకోవడం. ఓర్ కొట్టడు. స్టిక్‌కి అతుక్కున్నట్టు పక్‌ని దగ్గరే పెట్టుకుని వెనక్కి తిరిగి, తన గోల్ చుట్టూ ఒక రౌండ్ వేసి, మీదికొచ్చిన ఇద్దరిని తప్పించి, మళ్ళీ మధ్యలోకొచ్చి, అవతలివాళ్ళకి దొరక్కుండా పెనాల్టీ టైమ్ కరగదీస్తాడు. పక్ తన దగ్గరుంటే అవతలివాడు గోలెలా కొడతాడు? మీదపడి గుద్దితేనే డిఫెన్స్ అనుకునేవాళ్ళకి ఇది కనపడదు. బెస్ట్ డిఫెన్స్‌మన్‌కిచ్చే నారిస్ ట్రోఫీ 1968 నుంచి 1975 దాకా వరసగా ఎనిమిదిసార్లు అతనిదే.

బలహీనమైన జట్ల మాటలో సగం నిజముంది. 1967లో లీగ్ ఆరు జట్ల నుంచి ఒక్కసారిగా పన్నెండుకి పెరిగింది, 1974 నాటికి పద్దెనిమిది అయ్యాయి, నాణ్యత పడిపోయింది. బాగానే ఉంది, మరి ఆ జట్ల మీద మిగతా డిఫెన్స్‌మన్‌లు ఆడలేదా? 1970-71లో ఓర్‌తో పాటు ఆల్‌స్టార్ ఫస్ట్ టీమ్‌కి (ఆ ఏటి బెస్ట్ ఆటగాళ్ళ జాబితా) ఎంపికైన మాంట్రియల్ డిఫెన్స్‌మన్ జే.సి. ట్రెంబ్లేకి 63 పాయింట్లు, ఓర్‌కి 139. ఫార్వర్డులతో సహా లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు చేసినవాడికిచ్చే ఆర్ట్ రాస్ ట్రోఫీ అతను రెండుసార్లు, 1970లో, 1975లో గెలిచాడు. ఐపీఎల్‌లో స్పెషలిస్ట్ బౌలర్ ఆరెంజ్ క్యాప్ ఎగరేసుకుపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అతని ముందు గానీ తర్వాత గానీ ఇంకే డిఫెన్స్‌మన్ వల్లా కాలేదు, గోల్స్ కొట్టడంలో తర్వాత పేరు తెచ్చుకున్న డిఫెన్స్‌మన్ పాల్ కాఫీ వల్ల కూడా.

ఒక్క దెబ్బ అనేది ఒట్టి కథ. మోకాలి గొడవ 1966-67లో, మొదటి సీజన్‌లోనే మొదలైంది. అప్పట్లో ఆపరేషన్ అంటే మోకాలు కోసి లోపలి కార్టిలేజ్‌ని తీసిపారేయడమే. ఇవాళ చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చేసే పని అప్పటికి మామూలు చికిత్స కాలేదు. ఆ మోకాలితోనే తొమ్మిది సీజన్లు లాగాడు, 1972లో సోవియట్లతో సిరీస్‌కి కెనడా జట్టుతో వెళ్ళి కూడా దిగలేకపోయాడు, 1976లో కుంటుతూనే ఆడి దేశాల మధ్య జరిగిన కెనడా కప్‌లో బెస్ట్ ప్లేయర్ అయ్యాడు.

డబ్బు సంగతికొస్తే నాకు కోపమొస్తుంది. 1976లో అతన్ని నిలుపుకోడానికి బోస్టన్ ఓనర్లు ఇస్తామన్నవాటిలో జట్టులో దాదాపు 18.5 శాతం వాటా కూడా ఉంది. అలాంటి ఆఫర్ ఉందని తన ఏజెంట్ అలన్ ఈగిల్‌సన్ చెప్పలేదని, బోస్టన్‌కి నువ్వు అక్కర్లేదన్నట్టు నమ్మించాడని ఓర్ అంటాడు. ఈగిల్‌సన్ కాదంటాడు. ఎవరి మాట నమ్మాలో మీ ఇష్టం, కానీ ఈ ఈగిల్‌సనే ఒకపక్క ప్లేయర్ల సంఘానికి పెద్ద, ఇంకోపక్క ఏజెంట్, 1998లో అమెరికా, కెనడా కోర్టుల్లో మోసం నేరాలు ఒప్పుకుని జైలుకెళ్ళినవాడు (అది ఓర్ కాంట్రాక్టు కేసు కాదు, వేరే డబ్బుల కేసు). ఓర్ అతన్ని సొంత అన్నలా నమ్మాడు. రిటైరయ్యేనాటికి చేతిలో ఉన్నదానికన్నా అప్పులే ఎక్కువని తేలింది. ఇక చికాగోలో ఆడింది మొత్తం 26 మ్యాచ్‌లు, మధ్యలో ఒక సీజన్ అసలు దిగనేలేదు. ఆడకుండా జీతం తీసుకోనని చెక్కులు బ్యాంకులో వేయలేదు. ఆశపడి పోయినవాడు చేసే పనేనా ఇది?

మిగిలింది రెండు కప్పులే అన్న ముక్క. ఆ రెండింటిలోనూ, 1970లో, 1972లో, కప్పు తెచ్చిన గోల్ అతనిదే, ప్లేఆఫ్స్ బెస్ట్ ప్లేయర్ కూడా అతనే. కానీ 1971లో అంత భీకరమైన జట్టుతో దిగి, అప్పటికి లీగ్‌లో పట్టుమని పది మ్యాచ్‌లు కూడా ఆడని కెన్ డ్రైడెన్ గోలీగా ఉన్న మాంట్రియల్ చేతిలో మొదటి రౌండ్లోనే ఓడారు. 1974 ఫైనల్ ఆరో మ్యాచ్‌లో ఫిలడెల్ఫియా మీద 1-0 తేడాతో వెనకబడి ఉండగా, ఆఖరి నిమిషాల్లో ఆ జట్టు కెప్టెన్ బాబీ క్లార్క్‌ని పట్టుకుని లాగినందుకు ఓర్ పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్నాడు. విమర్శించాలనుకుంటే ఇవి ఉన్నాయి, పోస్టు రాసినాయన మాత్రం వీటిని ముట్టుకోలేదు.