డబ్బాలో ఉన్న మిల్లర్ ఇంటికి వెళ్లేదెప్పుడు?

‘హెల్జాపాపిన్’ మంచి సినిమాయేనా అని, పాత రీళ్లు పోగుచేసే ఒక పెద్దమనిషిని అడిగిన పాపానికి, ‘‘అది అమెరికాలో దొరకదండీ’’ అని ఆయన తన్మయంగా కళ్లు మూసుకున్నారు. నేనడిగింది అది కాదని చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో 1938లో మొదలై 1,404 ప్రదర్శనలు ఆడిన ఇదే పేరుగల హాస్య ప్రదర్శనను, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడిన 1941 డిసెంబరులోనే యూనివర్సల్ సంస్థ సినిమాగా విడుదల చేసింది. హక్కుల పేచీ వల్ల అది దశాబ్దాల తరబడి అక్కడ వీడియోగా రాలేదు. ఆ పేచీయే దాని కీర్తికి మూలధనం. ఈ సినిమా పేరిట ఆస్కార్‌కు నామినేట్ అయిన పాట అసలు ఈ సినిమాలోనే లేదన్న సంగతిని (అది ‘కీప్ ఎమ్ ఫ్లయింగ్’ అనే మరో సినిమాలోని పాట) ఈ పాత రీళ్ల భక్తులు స్థలపురాణంలా వినిపిస్తారు.

పెద్దమనిషి 16 ఎం.ఎం. రీలు డబ్బా తెచ్చి, మూత వేలెడంత తెరిచి, సాంబారు ఉప్పు చూసే పెళ్లి వంటవాడి గాంభీర్యంతో ముక్కు లోపల పెట్టారు. అసిటేట్ ఫిల్ము చెడితే వెనిగర్ వాసన వస్తుంది కనుక ఈ ఆఘ్రాణం వారానికోసారి తప్పదట. ప్రొజెక్టర్‌కు ఎక్కిస్తే గీతలు పడతాయి కనుక చూడటం మాత్రం నిషిద్ధమట. సినిమాలో నాయికా నాయకులు ప్రేమగీతం పాడుతుండగా, స్టింకీ మిల్లర్ అనే కుర్రవాడు ఇంటికి వెళ్లిపోవాలని తెర మీద ప్రకటనలు పడతాయి; చివరకు ఒక నీడ లేచి బయటికి పోతుంది. ఈ డబ్బాలోని మిల్లర్‌కు ఆ యోగం లేదు. వాళ్లమ్మ ఎదురుచూస్తూనే ఉంటుంది, వాడు వెనిగర్‌లో ఊరుతూనే ఉంటాడు, వారానికోసారి ఒక ముక్కు వచ్చి వాడి క్షేమం కనుక్కుని పోతుంది.

ఇంతవరకు నవ్వవచ్చు. కానీ ఆ డబ్బాలోనే, వంటవాళ్ల, పనిమనుషుల దుస్తులు తొడిగించిన నల్లజాతి నర్తకులు చేసిన లిండీ హాప్ అనే జంట నాట్యం కూడా ఉంది. మనిషి దేహం అంత వేగంగా, అంత ఆనందంగా గాలిలోకి లేవడం నేను మరెక్కడా చూడలేదు. ఇలాంటి నాట్యాలను, జాతివివక్ష పాటించే అమెరికా దక్షిణాది థియేటర్లు కత్తిరించుకోవడానికి వీలుగా కథకు అంటకుండా తీయడం ఆనాటి హాలీవుడ్ మర్యాద! టైటిళ్లలో బృందానికి ఏదో పేరు తగిలించారే తప్ప, ఎముకలు విరిగేలా ఎగిరిన మనుషుల పేర్లు వేయడానికి చేతులు రాలేదు. ఆ నాట్యాన్ని కూర్చిన ఫ్రాంకీ మానింగ్ ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు తపాలా శాఖలో ఉద్యోగం చేసుకున్నాడు. సిగ్గుపడాల్సిన చోట వీళ్లు డబ్బా మీది లేబులు చూసి మురిసిపోతున్నారు.

ఆ నాట్యం ఒక్కటైనా వేసి చూపించమన్నాను. ‘‘గీతలు పడతాయండీ’’ అంటూ ఆయన మూత బిగించారు.