"నిర్మొహమాటంగా చెప్పండి అన్నా" అంటారు, చెప్తే బ్లాక్ చేస్తారు

ఇప్పుడే ఒక కుర్రాడు నన్ను బ్లాక్ చేశాడు. చేసుకోనీ, నాకేం పోయింది. కానీ కడుపు మండిపోతోంది కాబట్టి ఇక్కడ కక్కేస్తున్నా, ఓపిక ఉంటే చదవండి, లేకపోతే మీమ్స్ చూసుకోండి.

వాడు ఒక సూపర్‌హీరో బొమ్మ గీసి పెట్టాడు. కేప్, మాస్కు, ఛాతీ మీద పెద్ద "ర" అక్షరం (ఈ ఐడియా మాత్రం భలే ఉంది, ఒప్పుకుంటా), ఎవడినో గుద్దుతున్న పోజు. కింద "నిర్మొహమాటంగా సలహాలు చెప్పండి అన్నా" అని రాశాడు. నిర్మొహమాటంగా అట! నేను వెర్రివాడిలా ఆ మాట నమ్మి, ఆఫీసు నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా కూర్చుని, వాడి బొమ్మ మీద ఇంకో లేయర్ పెట్టి ఎర్ర గీతలతో చూపించా. ముందు బాగున్నవే చెప్పా. గీతలో భయం లేదు, నలుపు నింపిన చోట్లు కుదిరాయి అన్నా. ఆ తర్వాతే అసలు సంగతి. గుద్దేవాడు నిటారుగా నిలబడి గుద్దడు నాన్నా, వెనక కాలి మడమ లేవాలి, తుంటి తిరగాలి, దాని వెంట భుజం రావాలి, అప్పుడు గానీ పిడికిలికి బలం రాదు, నీ హీరో బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడ్డట్టు ఉన్నాడు అన్నా. చెయ్యి మరీ చిన్నదైంది, అరచెయ్యి మొదలు గడ్డం దగ్గర ఆనించి అద్దంలో చూసుకో, వేళ్ళు నుదుటి దాకా వస్తాయి, అదీ కొలత అన్నా. ఇందులో తిట్టు ఎక్కడుందో మీరే చెప్పండి.

వాడి జవాబు: "ఇది నా స్టైల్ అన్నా. ముందు మీరు గీసినవి చూపించండి."

స్టైలా! మామూలు మనిషి దాదాపు ఏడున్నర తలల ఎత్తు ఉంటాడు, అంటే తన తల పొడవుకి ఏడున్నర రెట్లు. కామిక్స్‌లో హీరోని ఎనిమిదిన్నర, తొమ్మిది తలల దాకా సాగదీస్తారు, వాడు దేవుడిలా కనిపించాలని. అది తెలిసి ఆడే అబద్ధం. మన స్థపతులకీ ఇది కొత్తేం కాదు, దేవతా విగ్రహాలకి నవతాళం అని లెక్క పెట్టుకున్నారు, తాళం అంటే ముఖం పొడవు. తెలిసి సాగదీస్తే స్టైల్. మనవాడి హీరో ఐదున్నర తలలు ఉన్నాడు. ఎందుకంటే పైనుంచి గీసుకుంటూ వచ్చేసరికి పేజీ అయిపోయింది. మోకాళ్ళ కింద చోటు లేక కాళ్ళు కుదించేశాడు, పాదాల దగ్గర పొగ పెట్టేశాడు. అసలు పాదాలు గీయడం రాని వాళ్ళందరి హీరోలూ పొగమంచులోనే ఎందుకు ఫైటింగ్ చేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చేతులు రాని వాళ్ళ హీరోయిన్లయితే పాపం ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకునే ఉంటారు.

ఇక మన పెద్దమనుషులు దిగారు. "పిల్లాడు సార్, ఎంకరేజ్ చెయ్యాలి", "సూపర్ తమ్ముడూ, నెక్స్ట్ లెవెల్", వరసగా నిప్పు బొమ్మలు. ఏ లెవెల్ నుంచి ఏ లెవెల్‌కి? ఎవడైనా ఆ బొమ్మని పది సెకన్లు చూశాడా? ఇంకోవైపు ఓ మహానుభావుడు "ముందు అనాటమీ నేర్చుకో" అని ఒక్క ముక్క పడేసి పోయాడు. ఒంట్లో 206 ఎముకలున్నాయి స్వామీ, అందులో ఏది తప్పిందో చెప్తే కదా దిద్దుకునేది! విచిత్రం ఏంటంటే వాడిని బ్లాక్ చెయ్యలేదు. మోకాలు ఎక్కడ వంగాలో గీసి చూపించిన నన్ను చేశాడు.

మనవాళ్ళకి బొమ్మల గురించి తెలిసిన మాటలు రెండే. నచ్చితే "బాపు గారిలా ఉంది", నచ్చకపోతే "బాపు గారిలా లేదు". బాపు గారంటే నాకూ ప్రాణమే, దాని గురించి నాతో గొడవ పెట్టుకోకండి. కానీ ఆయన నాలుగు గీతల్లో మనిషిని నిలబెడితే, ఆ గీతల కింద ఉన్న ఒళ్ళు ఎవరికీ కనపడదు, అందరూ వాలుజడా పెద్ద కళ్ళూ ఎత్తుకుపోతారు. చందమామలో శంకర్ గారి విక్రమార్కుడిని చూడండి, భుజాన శవం, చేతిలో కత్తి. ఆ శవానికి బరువుంది, ఆ బరువు మోసే ఒళ్ళు కింద ఉంది. ఆయన ఆకాశంలోంచి ఊడిపడలేదు, మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదువుకున్నారు, దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో. మెరీనా బీచ్‌లో బండరాయిని కదిలిస్తున్న నలుగురు కూలీల విగ్రహం ఉంటుందే, అది చేసింది ఆ రాయ్ చౌధురి గారే. ఒంట్లోంచి బలం ఎలా వస్తుందో తెలియాలంటే ఆ నలుగురి వీపులు, పిక్కలు చూస్తే చాలు, టికెట్ కూడా లేదు. అలాంటి చోట చదివినవాళ్ళు బొమ్మ దిద్దించుకోకుండానే బయటికొచ్చారనుకుంటున్నారా? మాస్టారు వేలు పెట్టి చూపిస్తే "ఇది నా స్టైల్ సార్" అనేవాళ్ళనుకుంటున్నారా?

ఈ బాపు గారి ముచ్చట నాకు కొత్త కాదు. కుర్రతనంలో బొమ్మల ఫైలు చంకలో పెట్టుకుని ఓ వారపత్రిక ఆఫీసుకి వెళ్ళా. పేరెందుకులెండి. అందులో నాకు బాగా ఇష్టమైన పేజీ ఒక కుస్తీ సీను, ఒకడి చెయ్యి సూటిగా మన మొహం మీదకి వస్తున్నట్టు, పిడికిలి పెద్దగా, మోచెయ్యి కనీకనపడకుండా, వెనకాల భుజం. ఇలా మన వైపు వచ్చేదాన్ని కుదించి గీయడాన్నే ఫోర్‌షార్టెనింగ్ అంటారు, తెలిసిన వాళ్ళకి తెలుసు అది ఎంత ఏడిపిస్తుందో. మా తమ్ముడిని ఎదురుగా నిలబెట్టి, వాడి చెయ్యి నొప్పి పుట్టి ఏడ్చేదాకా చూసి గీశా. అక్కడున్న సారు మిక్చర్ తింటూ, ఆ వేళ్ళతోనే నా పేజీ తిప్పి, "బాపు గారిలా లేవేంటయ్యా ఇవి" అన్నారు. సరే. ఆ తర్వాత ఇంకో సలహా కూడా ఇచ్చారు, ఆడవాళ్ళ కళ్ళు ఇంకొంచెం పెద్దవి చెయ్యమని. ఆ పేజీలో ఆడవాళ్ళే లేరు. ఇద్దరు పహిల్వాన్లు, ఒక రిఫరీ.

అందుకే చెప్తున్నా, నన్ను సలహా అడిగేవాళ్ళు ఏది కావాలో తేల్చుకుని అడగండి. "ఈ మోకాలు కుదిరిందా అన్నా" అంటే కూర్చుని గీసి చూపిస్తా. పొగడ్త కావాలంటే "పొగడండి" అనే రాయండి, సిగ్గేముంది, నేనూ రెండు నిప్పు బొమ్మలు పెట్టి నా దారిన నేను పోతా.

అన్నట్టు, ఆ వారం ఆ పత్రిక కొని చూశా, నా బదులు ఎవరి బొమ్మ వేశారా అని. సీరియల్ హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. రెండు చేతులూ ఎడమ చేతులే. కళ్ళు మాత్రం ఇంతింత ఉన్నాయి.