స్టార్టయిపోనాది, ఇప్పుడేటి సేద్దుం

పాత డీజిల్ బండిని ఇంట్లో పెట్టుకుని బాగుచేసేవాడికి ఎప్పుడూ ఒకటే బెంగ, స్టార్టవుతాదా అవదా అని. స్టార్టయ్యాక ఆగుతాదా అని బెంగ పెట్టుకున్నవాణ్ని నేనింతవరకూ చూళ్లేదు. మా బావైతే బండి మీద చెయ్యేసిన దగ్గర్నుంచీ నిద్రలో కూడా సెల్ఫ్ కొడుతున్నాడని మా అప్ప (అక్క) గోల, పక్కలో "ర్ర్ర్ ర్ర్ర్" అంటాడంట, ఓ అర్ధరాత్రి "అందుకుంది అందుకుంది" అని లేచి కూర్చున్నాడంట కూడా. ఆపడం మాత్రం కలలోకైనా రాలేదు.

బండి సంగతి ముందు చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, అప్పావాళ్ల ఊరు సోంపేటకి కూతవేటు దూరం. బండి బావావాళ్ల నాన్నగారు కొన్న మహీంద్రా పికప్పు, ఏపీ 30 నంబరు, లోపల ప్యూజో డీజిల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, 2112 సీసీ. ఒకప్పుడు కవిటి, కంచిలి తోటల్లో కొబ్బరికాయలు ఎత్తుకుని బరంపురం దాకా పోయొచ్చేది, పెద్దాయన దాన్ని ఇంట్లో మూడో కొడుకు అనేవారు (రెండో కొడుకు మా బావ, ఇద్దరిలో ఎవరు ఎక్కువ సంపాదించారన్న చర్చ మనకొద్దు). 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను వచ్చింది కదా, ఆ ఒక్క రాత్రికి కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలకొరిగిపోయాయి, షెడ్డు మీద పనసచెట్టు పడింది, షెడ్డు బండి మీద పడింది. మొయ్యడానికి కాయే లేనప్పుడు బండెందుకు, అలా వదిలీసారు. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి అయిదారేళ్లు పడతాది, ఇప్పుడు కొత్త చెట్లకి గెలలు దిగడం మొదలైంది, దాంతో బావకి బండి గుర్తొచ్చింది.

రేకులు తీసి చూస్తే సగం బండే ఉంది. మిగతా సగం ఉప్పుగాలి తినీసింది. క్లచ్ పెడల్ పక్కన నేల పోయి కింద మట్టి కనిపిస్తోంది, అందులోంచి ఓ గడ్డిమొక్క పైకొచ్చి స్టీరింగ్ వైపు చూస్తోంది. సీటు లోపలి కొబ్బరిపీచంతా ఎలకలు పీకి డాష్‌బోర్డులో ఇల్లు కట్టుకున్నాయి. టింకరింగ్ ఆయన వచ్చి చుట్టూ తిరిగి తలుపు మీద ఒక్కటి కొట్టాడు, చెయ్యి అవతలికి పోయింది, ఆ చెయ్యి తీసుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. రేటు కూడా చెప్పలేదు.

బావ ఊరుకుంటాడా, వెల్డింగ్ సెట్ కొన్నాడు, ఫోన్లో వీడియోలు చూసాడు, కొబ్బరి డొక్కల షెడ్డుని వర్క్‌షాప్ చేసీసాడు. వెనక ఇరుసు కింద సిమెంట్ దిమ్మలు పెట్టి చక్రాలు గాల్లోకి లేపాడు, బ్రేకులన్నీ విప్పి పళ్లెంలో పెట్టాడు (ఆ పళ్లెం కోసం జరిగిన గొడవ ఇంకో కథ). ఊళ్లో ఒక ముసలి మేస్త్రి ఉన్నాడు, కుర్రతనంలో లారీ మెకానిక్కు, ఆయన్ని గురువుగా పెట్టుకున్నాడు. పంపూ నాజిల్సూ బరంపురం పంపించి సరిచేయించారు, హెడ్ దించి వాల్వులు గ్రైండింగ్ చేసారు, హీటర్ ప్లగ్గులు కొత్తవేసారు. నేను వైజాగ్‌లో ఉంటాను కాబట్టి గాజువాక ఆటోనగర్లో సామాన్లు వెతికి తేవడం నా డ్యూటీ, ఊరెళ్తే టార్చి పట్టుకోవడం నా డ్యూటీ. టార్చి పట్టుకునేవాడికి రెండు మాటలే వినిపిస్తాయి, ఇటు పట్టు, అటు కాదు.

ఇక్కడ ఎయిర్ క్లీనర్ గురించి కాస్త ఆగాలి, ఎందుకంటే రామాయణమంతా దాని దగ్గరే ఉంది. పాత బండ్లలో ఇప్పటిలా కాగితం ఫిల్టర్ ఉండదు, ఆయిల్ బాత్ అని డబ్బాలాంటిది ఉంటాది, అడుగున గిన్నె, గిన్నెలో కొంచెం ఇంజన్ ఆయిలు. గాలి ఆ ఆయిల్ మీంచి తిరిగి వెళ్తే దుమ్ము ఆయిల్‌కి అంటుకుపోయి శుభ్రమైన గాలి ఇంజన్లోకి పోతాది. చక్కటి ఏర్పాటు. గిన్నెకి లోపల ఒక గీత ఉంటాది, అంతవరకే పొయ్యాలి. బావ ఆ గీతని చూసాడు, చూళ్లేదని నేననను, టార్చి నేనే పట్టాను. కాకపోతే గీతంటే కనీసం అంతైనా ఉండాలని ఆయన అర్థం చేసుకున్నాడు. కొత్తల్లుడికి నెయ్యి వడ్డించినట్టు వొంపుతూనే ఉన్నాడు, గీత మునిగింది, గిన్నె నిండింది, అంచు మీద తళతళలాడుతోంది. "సాల్లే బావా" అంటే "ఇన్నేల్లు పస్తుందిరా ఇది" అన్నాడు.

ఇంకోటి, ఈ ఇంజన్ ఆపడానికి డాష్‌బోర్డులో ఒక నాబ్ ఉంటాది, అది లాగితే తీగ వెళ్లి పంపు దగ్గర డీజిల్ ఆపుతాది. నాబ్ బిగించాడు, మెరిసేటట్టు తుడిచాడు కూడా, తీగ రెండో కొస మాత్రం పంపుకి తగిలించలేదు. "ముందు స్టార్టవ్వనీ, అది తరవాత సూద్దుం" అన్నాడు.

ఆదివారం ముహూర్తం. ఊళ్లో సగంమంది వచ్చీసారు, పిల్లలు గోడెక్కారు. కొబ్బరికాయ కొట్టారు, బొట్లు పెట్టారు, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. వెనక చక్రాలు రెండూ గాల్లో జానెడెత్తున ఉన్నాయి, అయినా ఆ కిందే కొలిచినట్టు పెట్టారు, ఎవరూ ఏమీ అనలేదు. మేస్త్రి డీజిల్ ఫిల్టర్ మీద చేతిపంపు కొట్టి గొట్టాల్లోని ఎయిర్ తీసాడు, మొదట నురగ బుడగలు, తరవాత నికార్సైన డీజిల్ వచ్చింది. నాజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టించి మళ్లీ బిగించాడు. అయ్యాక "డీజిల్ కాడ బీడీ కాల్చకూడదు" అని తన నియమం ప్రకారం గోడవతలికి వెళ్లాడు. ఆయన అటు వెళ్లడం, బావ హీటర్ వేసి సెల్ఫ్ కొట్టడం.

దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తెల్లటి పొగ ఒక ముద్ద కక్కింది, రెండు సిలిండర్లు అందుకున్నాయి, మూడోది అందుకుంది, నాలుగోది కూడా వచ్చి కలిసింది. అబ్బ, ఆ చప్పుడు విని పెద్దాయన అరుగు మీంచి లేచి నించున్నారు, కళ్లు తుడుచుకున్నారు, ఇన్నేళ్ల తరవాత మూడో కొడుకు మాట్లాడేడు కదా మరి. పిల్లలు ఈలలు, అప్ప వంటింట్లోంచి గరిటతో వచ్చి చూసి నవ్వి మళ్లీ లోపలికెళ్లింది.

అప్పుడు ఇంజన్ తనంతట తానే రేసందుకుంది. బావ కాలు ఎక్సలేటర్ మీద లేదు, బావ అసలు బండిలోనే లేడు, కిందకి దిగి ఫోటోకి నించున్నాడు. "సూసినావేటి బామ్మర్దీ, పికప్పంటే ఇదీ" అన్నాడు. చప్పుడు ఇంకా పెరిగింది. "సాల్లేవే" అన్నాడు ఇంజన్‌తో, ముద్దుగానే. ఇంకా పెరిగింది. అప్పుడు ఆయన మొహంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయి రంగు మాత్రం దిగిపోయింది.

లోపలికి దూకి నాబ్ లాగాడు. నాబ్ వచ్చింది, దాని వెనక తీగ వచ్చింది, మూరెడు, బారెడు, మొత్తం చేతిలోకొచ్చీసింది. తాళం తిప్పాడు, తీసీసాడు, తాళం ఎత్తి ఊరందరికీ చూపించాడు, ఇదిగో నా చేతిలోనే ఉందర్రా అన్నట్టు. ఇంజన్‌కి ఆ సంగతి తెలీదు. ఎవరో "బేట్రీ పీకండి" అంటే నేనే పరుగెత్తి టెర్మినల్ పీకీసాను, దానివల్లా ఏం కాలేదు. ఇంకెవరో తెలివైనాయన "గేర్లో ఏసి క్లచ్ వొదిలీ, అదే సచ్చిపోద్ది" అన్నాడు, మంచి సలహానే, నేల మీదున్న బండికైతే. బావ గేరేసి క్లచ్ వదిలాడు, గాల్లో ఉన్న వెనక చక్రాలు గిర్రున తిరిగి వాటికి అంటుకున్న ఏళ్లనాటి పేడా మట్టీ ఎలకగూడూ అన్నీ జనం మీద చల్లేసాయి, గోడ మీద పిల్లలు ఒక్కసారిగా మాయం.

పొగ సంగతి చెప్పలేను. నీలం తెలుపు కలిసిన పొగ, షెడ్డు కనిపించలేదు, వీధి కనిపించలేదు, పక్కింటి పిన్ని డాబా మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలు కనిపించలేదు, పిన్ని గొంతు మాత్రం వినిపిస్తోంది, "ఓలమ్మోలమ్మ నా వొడియాలు, మీ బండి కాలిపోను" అని. ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యాలా అని ఒకడు, అమ్మోరికి మొక్కుకో అని ఇంకొకడు.

గోడవతల్నుంచి బీడీ నోట్లోనే పెట్టుకుని మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు, నియమం గియమం అన్నీ గాలికే. "గాలాపండ్రా! దాని మూతి ముయ్యండ్రా!" అని అరుస్తున్నాడు. బావ క్లిప్పు ఊడదీసి ఎయిర్ గొట్టం పీకాడు. అప్పటికే మానిఫోల్డు (ఇంజన్లోకి గాలి పోయే గొట్టం) నిండా పారిన ఆయిల్ ఉంది కదా, అది తింటూనే ఉంది. మూతి ముయ్యడానికి చేతికి ఏది దొరికితే అది, దొరికింది పెద్దాయన భుజం మీది కండువా. పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి తీసిన నూలు అని ఆయన చెప్పని శుభకార్యం లేదు మా ఇళ్లలో. బావ దాన్ని ఉండచుట్టి మూతిలో పెట్టాడు, ఇంజన్ ఓ గుటక వేసింది, కండువా కొస లోపలికి, మిగతాది దాని వెనకే, పెద్దాయన "ఒరే ఒరే" అంటూ అటు కొస పట్టుకుని లాగుతున్నారు, మూడో కొడుకు ఇటు కొస లాగుతున్నాడు. మూడో కొడుకే గెలిచాడు.

అప్పుడు మా అప్ప వచ్చింది. చేతిలో చపాతీ పీట, దాని మీద పిండి ఇంకా ఉంది. ఎవర్నీ ఏమీ అడగలేదు, "తప్పుకోండి" అని బావని మోచేత్తో నెట్టి ఆ పీటని బోర్లించి మూతి మీద అదిమింది. తప్పుమని అతుక్కుపోయింది. ఇంజన్ ఒక్కసారి గింజుకుంది, బండంతా ఊగింది, పొగ ఆగింది, ఆగిపోయింది. చెవుల్లో ఇంకా గుయ్యిమంటుంటే అప్ప గొంతు వినిపించింది, "పప్పు మాడిపోనాది మీవల్ల".

సాయంత్రం టీ తాగుతూ మేస్త్రి చెప్పాడు. పెట్రోల్ బండికి కరెంటు నిప్పు కావాలి, తాళం తీస్తే చచ్చిపోతాది. డీజిల్‌కి నిప్పుతో పని లేదు, పిస్టన్ గాలిని ఇరవయ్యో వంతుకి నొక్కీసరికి ఆ గాలే అయిదొందల డిగ్రీలు దాటి వేడెక్కిపోతాది, అందులో ఏది పడితే అది అంటుకుంటాది, డీజిలే కానక్కర్లేదు, ఇంజన్ ఆయిలూ అంటుకుంటాది. గిన్నె నిండా పోస్తే ఇంజన్ గాలితో పాటు ఆ ఆయిల్నీ పీల్చేస్తాది, పీల్చేకొద్దీ స్పీడు, స్పీడు పెరిగేకొద్దీ పీల్పు, అప్పుడు డీజిల్ ఆపినా లాభం లేదు, గాలి ఆపాల్సిందే. చెయ్యి పెడితే చెయ్యి పోతాది, గుడ్డ పెడితే గుడ్డ పోతాది, గట్టి చెక్క బల్లపరుపుగా పెట్టాలి. "మరి నీకెలా తెలిసిందమ్మా" అని అప్పనడిగాడు. "నాకేటి తెల్సు, చేతిలో అదే ఉంది" అంది. నిజమే, ఇంకో నిమిషం ముందొస్తే చేతిలో అప్పడాల కర్ర ఉండేది.

మానిఫోల్డ్ విప్పితే కండువా దొరికింది, నల్లగా, ఉండగా, అంచు జరీ మాత్రం మెరుస్తోంది. మంచికి పోగులు రెండు మూడే వాల్వుల దాకా వెళ్లాయి, అయినా మళ్లీ హెడ్ దించక తప్పలేదు. పెద్దాయన ఆ ఉండని ఉతికించి దాచుకున్నారు, బావకి చూపించాల్సి వచ్చినప్పుడల్లా బయటకి తీస్తారు. పక్కింటి పిన్నికి వడియాలకి బదులు ఒక బుట్టెడు కాయలు ఇచ్చారు, ఆవిడ తీసుకుంది కానీ ఇప్పటికీ బావ షెడ్డు తలుపు తీస్తే డాబా మీదకి వెళ్లి గుడ్డలు తీసీసుకుంటాది. వెనక చక్రాల కింద నిమ్మకాయలు చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి, ఎవరో పులిహోరకి పట్టుకెళ్లారు.

ఇప్పుడు ఆయిల్ గీత దగ్గరే ఉంది, తీగ తగిలించారు, బ్రేకులు బిగించారు, చక్రాలు నేల మీదున్నాయి. నిన్న బావ ఫోన్ చేసాడు, ఎఫ్‌సికి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) శ్రీకాకుళం తీసుకెల్తన్నాను, నువ్వూ రా అని. టూల్స్ అన్నీ పెట్టుకున్నావా అంటే జాకీ, వీల్ స్పానరు, పానాలు, కొత్త పీట అని చదివాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి పీటెందుకని అడిగితే ఏం చెప్తావు బావా అన్నాను.

"నానేటి సెప్తాను, పక్క సీట్లో మీ అప్ప కూకుంటాది, పీట దాని వొళ్లోనే ఉంటాది, అడిగినోడికి అదే సెప్తాది."