ఎలుకల బోనూ, హవాయి చెప్పూ

పోయిన సంక్రాంతికి పది రోజుల ముందు, డెన్వర్‌లో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. "మామా, మళ్లీ బైండింగ్ విరిగిపోయింది. ఇది మూడోది."

తిరుపతిలో బైండింగ్ అంటే రెండే. ఒకటి, యూనివర్సిటీ పిల్లలు జెరాక్స్ షాపు ముందు నిలబడి థీసిసులకు వేయించుకునే అట్ట. రెండోది, మేస్త్రీలు కమ్మీలకు చుట్టే బైండింగ్ వైరు. వీడు చదువు ముగించి ఆరేళ్లయింది, ఇల్లు ఇంకా మొదలుపెట్టలేదు. "కుట్టు పోయిందా, అట్ట ఊడిందా?" అని అడిగాను. "స్కీ బైండింగ్ మామా, టెలిమార్క్" అన్నాడు. మంచు కొండ మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకకు బూటును పట్టి ఉంచే ఇనుమట. పండక్కి వస్తూ ఆ విరిగిన ఇనుమును సూట్‌కేసులో పెట్టుకొని మరీ తెచ్చాడు. చాక్లెట్లకు చోటు చాల్లేదట.

ముందే చెబుతున్నాను, నేను మంచు చూసినవాణ్ణి కాను. నాకు తెలిసిన మంచు ధనుర్మాసంలో శేషాచలం మీద తెల్లవారుజామున కనిపించేది, ఎండాకాలంలో బండి మీద రంగునీళ్లు పోసి ఇచ్చేది. అయినా ఈ విషయంలో తీర్పు చెప్పే అర్హత నాకే ఎక్కువని నా నమ్మకం. మంచులో తిరిగేవాళ్లకు మంచు మీద మమకారం ఉంటుంది. నాకు ఆ లోపం లేదు.

అసలు సంగతేమిటంటే, మామూలు స్కీయింగులో బూటును ముందూ వెనకా రెండు చోట్లా పలకకు బిగిస్తారు. టెలిమార్క్‌లో ముందు మాత్రమే. మడమ గాల్లో ఉంటుంది. మలుపు తిరగాల్సి వచ్చినప్పుడల్లా ఒక కాలు ముందుకు చాపి, వెనక కాలి మడమ లేపి, మోకాలు వంచి కిందికి కుంగాలి. మళ్లీ లేచి, రెండో కాలితో మళ్లీ కుంగాలి. డబ్బులిచ్చి, లిఫ్టులో కొండ పైకెళ్లి, దిగేదాకా వీళ్లు చేసే పని ఇదే. మన తిరుమల మెట్ల దారిలోనూ మోకాళ్ల పర్వతం ఉంది. కాకపోతే మనం ఎక్కుతూ వంచుతాం, మనకొక మొక్కు ఉంటుంది. వీడు దిగుతూ వంచుతాడు. ఏం మొక్కుకున్నావురా అంటే నవ్వాడు.

ఈ పద్ధతి పుట్టింది నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో. మోర్గెడాల్ అనే పల్లెకు చెందిన సాండ్రె నార్‌హైమ్ అనే పేద రైతు, చెట్ల వేళ్లను మెలిపెట్టి మడమ చుట్టూ కట్టుకొని, 1868లో రాజధానికి పోయి అక్కడి పట్నం వాళ్లను నోరెళ్లబెట్టించాడు. తర్వాత 1927లో బ్రోర్ విత్ అనే ఆయన ఒక బైండింగ్ కనిపెట్టాడు. బూటు ముందు బాతు ముక్కులా ఒక నాలిక, ఆ నాలిక అడుగున మూడు బెజ్జాలు, బైండింగ్ మీద మూడు మేకులు. బెజ్జాల్లోకి మేకులు దిగితే పైనుంచి ఒక కమ్మీ నొక్కి పట్టుకుంటుంది. దానికి ఆయన పెట్టిన పేరు రోటెఫెల్లా. నార్వే భాషలో ఎలుకల బోను అని అర్థం. సొంత సరుకుకు ఇంత నిజాయతీగా పేరు పెట్టినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

మూడు బెజ్జాలు అనగానే నాకు బల్బు వెలిగింది. ఇంట్లో విడిచిన హవాయి చెప్పు తిరగేసి చూశాను. ముందొకటి, వెనక రెండు, లెక్క సరిపోయింది. బొటనవేలి దగ్గర పట్టు, మడమ స్వేచ్ఛ, నడిచినప్పుడల్లా టపటప. ఇది టెలిమార్క్ కాక మరేమిటి? ఒక జాతి మొత్తం పుట్టినప్పటి నుంచి టెలిమార్క్ చేస్తూ, ఆ సంగతి తెలియక దాన్ని కూరగాయలకు వెళ్లడం అనుకుంటోంది.

ఇక పరిశీలన కోసం ఆ ఇనుమును బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరకు పట్టుకెళ్లాను. ఆయన అద్దాలు నుదుటి మీది నుంచి కళ్ల మీదికి దించుకొని, రెండు వైపులా తిప్పి చూసి, విరిగిన అంచు మీద బొటనవేలు రాశాడు. ఆ అంచు సగం దూరం నల్లగా, నున్నగా ఉంది. మిగతా సగం తెల్లగా, గరుకుగా మెరుస్తోంది.

"ఇది ఒక్కనాడు ఇరిగింది కాదు సామీ. సగం ఎప్పుడో పగిలుండాది. ఆ మిగిలిన సగం మీదనే తిరిగినాడు మీవోడు" అన్నాడు.

డెన్వర్‌లో మూడుసార్లు షాపుకు పోయినా వీడికి ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు. మేస్త్రీ బైండింగ్ వైరును కట్టర్ లేకుండా ఎలా తెంపుతాడు? అటూ ఇటూ నాలుగు సార్లు వంచుతాడు. ఐదోసారి అదే ఊడి వస్తుంది. లోహం అలిసిపోతుందని ఇంజినీర్లు అనేది దీన్నే. టెలిమార్క్‌లో ప్రతి మలుపూ ఒక వంపే, రోజంతా వందల వంపులు. మడమ దగ్గర పట్టు లేదు కాబట్టి మనిషి బరువంతా మీటలా వచ్చి వేళ్ల ముందున్న ఆ చిన్న ముక్క మీదే పడుతుంది. ఒకడికి కేబులు తెగుతుంది, ఒకడికి స్ప్రింగు పోతుంది, ఒకడికి బూటు బెజ్జాలు వదులై మేకులు ఆడతాయి. ఏదీ విరగనంత గట్టిగా ఉంటే స్క్రూలే పలకలోని కర్రను పెకలించుకొని బయటికొస్తాయి. అప్పుడు ఆ బెజ్జంలో కర్రముక్క కొట్టి, జిగురు పోసి, మళ్లీ బిగిస్తారట. ఇది వినగానే మా ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. దాని మేకు ఎనిమిదేళ్లుగా రెండు అగ్గిపుల్లల దయ మీద నిలబడి ఉంది.

పెద్దాయనను ఇంకో ప్రశ్న అడిగాను. ముందే ఎందుకు తెగుతుంది?

"ముందరే కదా సామీ పట్టుకోనుండేది. పట్టుకున్నోడే కదా తెగాల" అన్నాడు, వేరే ఎవరిదో చెప్పు ఉంగటంలోకి ఆరె దింపుతూ.

కంపెనీ వాళ్ల జవాబు వేరే. మొదటిసారి విరిగితే వీడు బరువెక్కువ అన్నారు. రెండోసారి స్క్రూలు సరిగ్గా బిగించలేదన్నారు. మూడోసారి, దాన్ని వాడాల్సిన తీరులో వాడలేదన్నారు. వాడాల్సిన తీరు ఏమిటని అడిగితే, మెత్తగా అని రాశారట. కొండ మీది నుంచి మనిషి జారే వస్తువు గురించి ఈ మాట. మన ఊళ్లో గొడుగుల షాపాయన కూడా ఇదే అంటాడు. వానలో తిప్పినారా మీరు?

భయపెట్టే సంగతి ఇంకొకటుంది. మామూలు స్కీ బైండింగ్ మనిషి పడితే బూటును వదిలేస్తుంది, ఎంత ఒత్తిడికి వదలాలో ముందే అంకె పెట్టి తిప్పుకుంటారు. పాతకాలపు టెలిమార్క్ బైండింగ్‌కు ఆ బుద్ధి లేదు. వదలదు. ఎలుకల బోను కదా. అప్పుడు ఏదో ఒకటి లొంగాలి, అయితే ఇనుము, లేకపోతే మోకాలు. అందుకని నేను వీడికి చెప్పాను, రేయ్ అబ్బోడా, మూడుసార్లూ ఇనుమే లొంగిందంటే మీ అమ్మ మొక్కులు ఫలించినట్టే లెక్క, కంపెనీకి ఫిర్యాదు మాని కొబ్బరికాయ కొట్టు. 2007లో బాతు ముక్కు తీసేసి, పాదం అడుగునుంచి పట్టుకునే కొత్త రకం తెచ్చారు. వీడు అదీ కొన్నాడు. విరిగిన మూడింటిలో ఒకటి అదే.

వీళ్ల లెక్క నాకు అర్థం కానిది ఒక్కచోటే. లిఫ్టు లేని కొండ పైకి నడిచి ఎక్కేటప్పుడు కాళ్లకు బరువు తగ్గాలని, డబ్బు ఎక్కువ పోసి తేలిక బైండింగ్ కొంటారు. తేలికది విరుగుతుంది కాబట్టి వీపున సంచిలో స్పేర్ కేబులు, స్క్రూలు, స్క్రూడ్రైవరు, ఇనప తీగ, రబ్బరు పట్టీలు, టేపు మోస్తారు. వాడు సంచి బోర్లిస్తే మా అక్కకు పెట్టిన సారె గుర్తొచ్చింది. నడుము లోతు మంచులో అది విరిగితే కిందికి నడిచి రావడానికి పొద్దు పోతుంది, ఆ భయం న్యాయమైనదే. మన దగ్గర ఈ మొత్తం సంచి పని ఒక్క పిన్నీసు చేస్తుంది. హవాయి చెప్పు గుండీ బెజ్జంలోంచి ఊడి వస్తే అడుగున అడ్డంగా ఒక పిన్నీసు దూర్చు, ఇల్లు చేరు. అదీ వద్దనుకుంటే అలిపిరి నుంచి 3,550 మెట్లూ చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్లున్నారు. వాళ్లకు విరగడానికేమీ లేదు.

ఈ వాదన అంతా విని మావాడు "నిజమే మామా" అన్నాడు. తిరుగు ప్రయాణానికి రేణిగుంట పోతూ దారిలో ఫోను తీసి, అదే కంపెనీది, అదే మోడలు, నాలుగోది ఆర్డరు పెట్టాడు. ఈసారి డిస్కౌంట్ ఉందట.

విరిగినదాన్ని పెద్దాయన అడిగి తీసుకున్నాడు. దాని స్ప్రింగుతో, కేబుల్‌తో తన గొడుగు కర్రను ఫుట్‌పాత్ కంచెకు కట్టుకున్నాడు. నిన్న సాయంత్రం గాలివానకు ఆ వరసలో గొడుగులన్నీ పడ్డాయి. ఆయనది నిలబడింది.

"మీవోడు మళ్లీ ఇరగ్గొట్టినాడంటే ఇంగోటి తెప్పీ సామీ. పక్కన టీ అంగడి ఆయన అడగతా ఉండాడు" అన్నాడు.